ఒకే సీసా, రెండు బ్యూరెట్లు

లీటరు నీటిలో 6.3 గ్రాముల ఆగ్జాలిక్ ఆమ్లం స్ఫటికాలు కరిగించి పెట్టుకోండి. అందులోంచి పిపెట్‌తో 20 మిల్లీలీటర్లు ఒక ఫ్లాస్కులోకి, మరో 20 మిల్లీలీటర్లు ఇంకో ఫ్లాస్కులోకి వదలండి. మొదటిదాని మీద లీటరుకు 4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ ఉన్న బ్యూరెట్. రెండోదాని మీద లీటరుకు 3.16 గ్రాముల పొటాషియం పర్మాంగనేట్ ఉన్న బ్యూరెట్. అంశమాపనం జాగ్రత్తగా చేస్తే రెండు బ్యూరెట్లూ ఒకే అంకె చూపిస్తాయి: 20 మిల్లీలీటర్లు.

ఇంటర్లోనో డిగ్రీలోనో సైన్సు చదివినవాళ్ళకు ఈ ప్రయోగాలు గుర్తుండే ఉంటాయి. అయితే పక్కపక్కన గుర్తుండవు. ఒకటి ఆమ్లాలు-క్షారాల కింద, రెండోది ఆక్సీకరణ-క్షయకరణాల కింద, వేర్వేరు వారాల్లో చేసి, రికార్డులో వేర్వేరు చోట్ల రాసి ఉంటారు. నేను మాత్రం చాలాకాలంగా ఈ రెంటినీ ఒకే మధ్యాహ్నం, ఒకే సీసాతో చేయిస్తున్నాను. అంకె ఒకటే అయినా లెక్కపెడుతున్నది ఒకదాన్ని కాదు మరి. మొదటి ఫ్లాస్కులో ఆగ్జాలిక్ ఆమ్లం అణువు ఒక్కొక్కటీ రెండేసి ప్రోటాన్లు ఇచ్చింది. రెండో ఫ్లాస్కులో అదే అణువు రెండేసి ఎలక్ట్రాన్లు ఇచ్చింది. రసాయన చర్యల్లో చాలా భాగం ఈ రెండు రకాల ఇచ్చిపుచ్చుకోవడాలే. ఆ రెండూ ఒకే పదార్థంలోంచి బయటికి వస్తూ కంటికి కనిపించే చోటు ఇంత చవకలో నాకు మరొకటి తెలియదు.

ఈ ఆమ్లానికి ల్యాబ్‌లో ఇంకో గౌరవం ఉంది. సోడియం హైడ్రాక్సైడ్ బిళ్ళలు గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చేసుకుంటాయి, తూచిన బరువును నమ్మలేం. పర్మాంగనేట్ ద్రావణంలో మాంగనీస్ డయాక్సైడ్ నలుసులు చేరి నెమ్మదిగా దాన్ని పాడుచేస్తాయి, దాని బలాన్నీ నమ్మలేం. రెంటి బలమూ తేల్చడానికి మేం ఆధారపడేది ఆగ్జాలిక్ ఆమ్లం మీదే. క్షారానికి ప్రోటాన్ల లెక్క, పర్మాంగనేట్‌కు ఎలక్ట్రాన్ల లెక్క అదే చెబుతుంది. విషపదార్థం కనుక పిపెట్‌ను నోటితో పీల్చనివ్వను, రబ్బరు బల్బు వాడాల్సిందే.

మొదటి ఫ్లాస్కు సంగతి త్వరగా చెప్పేయొచ్చు, అక్కడ పనీ త్వరగానే అవుతుంది. చల్లటి ద్రావణం, రెండు చుక్కల ఫినాఫ్తలీన్. క్షారం చుక్క పడ్డచోట గులాబీ రంగు మెరుస్తుంది, ఫ్లాస్కు తిప్పగానే పోతుంది. ఆ కాస్త ఆలస్యం ద్రావణాలు కలవడానికి పట్టేదే, చర్యకు పట్టేది కాదు. నీటిలో హైడ్రోనియం అయానూ హైడ్రాక్సైడ్ అయానూ ఎదురుపడితే చాలు, ప్రోటాన్ చేతులు మారిపోతుంది. ఆ వేగాన్ని కొలవడం ఒకప్పుడు అసాధ్యమనుకునేవారు. జర్మనీలోని గోటింగెన్‌లో మాన్‌ఫ్రెడ్ ఐగన్ దానికి మార్గం కనిపెట్టి, 1967లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. గాఢతల్ని లీటరుకు మోల్స్‌లో చెబితే ఆ చర్య వేగ స్థిరాంకం సెకనుకు సుమారు 14 వేల కోట్లు. నీటిలో జరిగే చర్యల్లో ఇంతకన్నా వేగమైనది వెతకడం కష్టం.

ఇంత వేగం ఎక్కడిదో గ్రోట్‌హుస్ 1806లోనే ఊహించాడు. ప్రోటాన్ నీటిలో ఈదుకుంటూ పోనవసరం లేదు. ఒక నీటి అణువు పక్కదానికి తన ప్రోటాన్ ఇస్తుంది, అది ఆ పక్కదానికి తనది ఇస్తుంది. ఆక్సిజన్ల మధ్య హైడ్రోజన్ బంధాలు ముందే వేసి ఉంచిన దారి అది. కార్బన్‌ను పట్టుకుని ఉన్న ప్రోటాన్ సంగతి వేరు. నైట్రోమీథేన్‌లోని ప్రోటాన్‌ను క్షారం లాగాలంటే చాలాసేపు పడుతుంది, అక్కడ ముందే వేసిన దారి లేదు, పైగా అణువు తన ఎలక్ట్రాన్లను సర్దుకోవాలి. కాబట్టి ప్రోటాన్ బదిలీ ఎప్పుడూ చిటికెలో అవుతుందని పాఠంలో చెప్పను. ఆక్సిజన్, నైట్రోజన్‌ల మధ్య అయితే అవుతుందని చెబుతాను.

రెండో ఫ్లాస్కు దగ్గర చేతులు మరోలా పనిచేయాలి. ముందు విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం కలపాలి. హైడ్రోక్లోరిక్ పనికిరాదు, పర్మాంగనేట్ దాన్నీ క్లోరిన్‌గా మార్చేస్తుంది. నైట్రిక్ పనికిరాదు, అదే ఒక ఆక్సీకారిణి. తర్వాత ఫ్లాస్కును 60, 70 డిగ్రీల దాకా వేడిచేయాలి. మరగనివ్వకూడదు, ఆగ్జాలిక్ ఆమ్లమే విచ్ఛిన్నమవుతుంది. ఇక మొదటి చుక్క వదిలితే ఊదారంగు అలాగే నిలబడిపోతుంది. మొదటిసారి చేసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ అక్కడే కేకేస్తారు: "మేడం, ఎండ్ పాయింట్ వచ్చేసింది!" రాలేదమ్మా, ఆగు అంటాను. ఫ్లాస్కు తిప్పుతూ ఉంటే కాసేపటికి రంగు పోతుంది. రెండో చుక్క ఇంకొంచెం త్వరగా పోతుంది. పదో చుక్కకల్లా పడ్డది పడ్డట్టే మాయమవుతుంది. చర్యలో పుట్టిన మాంగనీస్ అయాన్లే చర్యను తోస్తున్నాయి. అవి పర్మాంగనేట్‌తో కలిసి మధ్యస్థితి మాంగనీస్‌ను తయారుచేస్తాయి, ఆగ్జలేట్ దాన్ని చుట్టుకుని ఎలక్ట్రాన్లు అప్పగిస్తుంది. ముందే చిటికెడు మాంగనీస్ సల్ఫేట్ వేసి చూడమంటాను. మొదటి చుక్క దగ్గర తడబాటే ఉండదు. ఈ చిన్న పరీక్ష చేసిన పిల్లలకు స్వయం ఉత్ప్రేరణ అన్న మాట మళ్ళీ వివరించాల్సిన పనిలేదు.

బ్యూరెట్లలోనూ తేడా ఉంది, అది నాకన్నా మా ల్యాబ్ అటెండర్‌కు బాగా తెలుసు. పిల్లలందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు. రబ్బరు గొట్టం, క్లిప్పు ఉన్న బ్యూరెట్‌ను పర్మాంగనేట్ కోసం ఎవరైనా తీస్తే ఊరుకోడు. "అమ్మాయ్, అందులో పోయకు, రబ్బరు తినేస్తది. గాజు కుళాయిది తీసుకో." అదే గాజు కుళాయి బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్ పోసి ఉంచితే కుళాయి బిగుసుకుపోతుంది, దానికి రబ్బరుదే మేలు. పర్మాంగనేట్ రబ్బరులోంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది, క్షారం గాజును మెల్లగా కరిగిస్తుంది. ఎవరికి ఏది కావాలో పనిముట్లకే తెలిసిపోతుంది. రీడింగు కూడా అంతే. క్షారానికి ద్రవం అడుగు అంచు చూడాలి, పర్మాంగనేట్ చిక్కటి రంగులో అడుగు అంచు కనబడదు కాబట్టి పై అంచు చూడాలి. క్లిప్పు బిగించిన ఆ రబ్బరు గొట్టం బ్యూరెట్‌ను వాడుకలోకి తెచ్చినవాడు కార్ల్ ఫ్రీడ్రిష్ మోర్. మనం ఇంటర్లో తూచే మోర్ లవణం ఆయన పేరుతోనే ఉంది.

అంశమాపనం అయ్యాక ఫ్లాస్కులు వెంటనే కడిగేయొద్దంటాను. మొదటి దాంట్లో ఆగ్జలేట్ అయాన్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. కాస్త బలమైన ఆమ్లం పోస్తే ఇచ్చిన ప్రోటాన్లు తిరిగివచ్చి మళ్ళీ ఆగ్జాలిక్ ఆమ్లమే అవుతుంది. రెండో దాంట్లో వెనక్కి పిలవడానికి ఏమీ మిగల్లేదు. ఎలక్ట్రాన్లు పోవడంతో రెండు కార్బన్‌ల మధ్య బంధం తెగి, అణువు మొత్తం కార్బన్ డయాక్సైడై గాల్లో కలిసిపోయింది. ఎలక్ట్రాన్ బదిలీలన్నీ ఇలా ఇల్లు కూల్చవు, ఇనుము రెండో స్థితి నుంచి మూడో స్థితికి పోయి తిరిగి రాగలదు. అయినా ఆగ్జాలిక్ ఆమ్లం దగ్గర ఈ తేడా ఎంత స్పష్టంగా ఉంటుందంటే, పిల్లలు అడగకుండానే రికార్డులో రాసుకుంటారు.

ఇక ఆ వేడి ఎందుకు అన్న ప్రశ్న. ఎలక్ట్రాన్ ప్రోటాన్‌లో 1,836వ వంతు బరువుండే కణం. తేలికైనది నింపాదిగా, బరువైనది చిటికెలో కదలడమేమిటి? ఈ వింతను తేల్చిన మనిషి రుడాల్ఫ్ మార్కస్. మాంట్రియల్‌లో పుట్టి, అమెరికాలో పనిచేసి, 2023లో నూరేళ్ళు పూర్తిచేసుకున్నాడు. ఎలక్ట్రాన్ మార్పిడి మీద విల్లర్డ్ లిబీ రాసిన వ్యాసం ఆయన కంటబడింది. ఎలక్ట్రాన్ దూకినప్పుడు చుట్టూ ఉన్న అణువులు అంత త్వరగా కదల్లేవని లిబీ గుర్తించాడు. మరి పాత అమరికలోనే ఎలక్ట్రాన్ దూకేస్తే శక్తి లెక్క ఎలా సరిపోతుంది అని మార్కస్ అడిగాడు. సరిపోదు. కాబట్టి ఎలక్ట్రాన్ దూకకముందే ఇచ్చేదీ పుచ్చుకునేదీ, చుట్టూ ఉన్న నీళ్ళతో సహా, రెంటికీ కుదిరే ఒక మధ్య అమరికకు రావాలి. 1956లో మొదలుపెట్టి ఆయన రాసిన వ్యాసాల సారం ఇది. 1992లో నోబెల్ వచ్చింది. తాళి కట్టడానికి క్షణం చాలు, పందిరి వేసి రెండువైపుల చుట్టాల్నీ కూర్చడానికే రోజులు పడతాయి. ఎలక్ట్రాన్ దూకడం ఆ క్షణం. మనం కొలిచే కాలమంతా పందిరిదే.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఏ మార్పూ కనబడని ఒక చర్య. నీటిలో ఇనుము రెండు స్థితుల్లో ఉందనుకోండి. ఒకటి రెండోదానికి ఎలక్ట్రాన్ ఇస్తే రెండూ స్థానాలు మార్చుకుంటాయి, అంతే. చివరికి మిగిలేది మొదట ఉన్నదే, శక్తిలో లాభం లేదు, నష్టం లేదు. అయినా ఆ మార్పిడి వేగ స్థిరాంకం పదిలోపే ఉంటుంది. ఐగన్ కొలిచిన 14 వేల కోట్ల పక్కన దీన్ని పెట్టి చూడండి. ఎలక్ట్రాన్ తక్కువున్న ఇనుము తన చుట్టూ ఉన్న ఆరు నీటి అణువుల్ని సుమారు 2 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో బిగించి పట్టుకుంటుంది, రెండోది ఇంకాస్త వదులుగా. ఒకటి సడలి, ఇంకొకటి బిగిసి, ఇద్దరూ సమానమైనప్పుడే ఎలక్ట్రాన్ దాటుతుంది. ఆంగ్‌స్ట్రామ్‌లో పదోవంతు సర్దుబాటు కోసం అంత జాప్యం.

ఇక్కడిదాకా చదివి ఎలక్ట్రాన్లదొక దారి, ప్రోటాన్లదొక దారి అనుకుంటే నేను చెప్పదలుచుకున్నది సగమే చెప్పినట్టు. రెండో ఫ్లాస్కులో సల్ఫ్యూరిక్ ఆమ్లం ఎందుకు పోశామో చూడండి. పర్మాంగనేట్ అయాన్‌లో మాంగనీస్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లున్నాయి. మాంగనీస్ ఐదు ఎలక్ట్రాన్లు పుచ్చుకుంటే ఆ నాలుగింటినీ వదులుకోవాలి. అవి నీరుగా మారి పోవాలంటే ఎనిమిది ప్రోటాన్లు కావాలి. ఆ ఎనిమిదీ ఆమ్లం ఇస్తుంది. ఆమ్లం చాలకపోతే ఫ్లాస్కులో బురదలాంటి గోధుమరంగు మడ్డి తేలుతుంది. అది మాంగనీస్ డయాక్సైడ్, మూడు ఎలక్ట్రాన్ల దగ్గరే ఆగిపోయిన మాంగనీస్. ఇక గాఢమైన క్షారంలో అయితే ఒక్క ఎలక్ట్రాన్‌తోనే సరిపెట్టుకుని ఆకుపచ్చ మాంగనేట్ అవుతుంది. ఐదు, మూడు, ఒకటి: అదే పర్మాంగనేట్. ఎన్ని ఎలక్ట్రాన్లు కదలాలో తేల్చింది చుట్టూ ఉన్న ప్రోటాన్లు. ఈ రెండు బదిలీల్ని పోల్చమని ప్రశ్నపత్రంలో అడిగితే పిల్లలు నిలువు గీత గీసి తేడాలు రాస్తారు. ఆ గీతకు రెండువైపులా ఉన్నవి ఒకే ఫ్లాస్కులో ఒకదాన్నొకటి నడిపిస్తున్నాయన్న సంగతికి ఆ పట్టికలో చోటుండదు. నా దృష్టిలో అసలు పాఠం అదే.

మన నోట్లోనూ ఇది జరుగుతుంది. వట్టి వక్క నమిలితే తాంబూలం పండదు, సున్నం తగలాలి. వక్కలోని ఫినాల్ పదార్థాలు మామూలుగా ఎలక్ట్రాన్లను తొందరగా వదలవు. సున్నం ముందు వాటి ప్రోటాన్లను లాగేస్తుంది. ప్రోటాన్ పోయిన ఫినాల్ గాలిలోని ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లు తేలిగ్గా ఇచ్చేస్తుంది, ఎర్రరంగు పుడుతుంది. ముందు ప్రోటాన్, వెంట ఎలక్ట్రాన్. ఆ క్రమంలోనే కణాలకు హాని చేసే ఆక్సిజన్ రూపాలూ పుడతాయి. వక్క కాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది, కాబట్టి తరగతిలో ఈ ఉదాహరణ చెప్పిన ప్రతిసారీ ఆ మాటా చెబుతాను. పసుపులో సున్నం కలిపి చేసే ఎర్రనీళ్ళు మాత్రం వేరు. అక్కడ ప్రోటాన్ ఒక్కటే కదిలింది, కాస్త నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపురంగే వస్తుంది. పండిన తాంబూలం ఏ పులుపు తగిలినా మునుపటి వక్క కాదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు మనవాళ్ళు మందుల సందర్భంలో తలుస్తారు. నాకు ఆయన ముందుగా ఒక ప్రయోగం రాసిన మనిషి. 1925లో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే, సుబ్బారావు కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతి ప్రచురించారు. ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపితే అది ఫాస్ఫేట్‌ను చుట్టుకుంటుంది. తర్వాత ఒక క్షయకారిణి వేస్తే అందులోకి ఎలక్ట్రాన్లు చేరి నీలిరంగు వస్తుంది, ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత. బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే దీన్ని పిలుస్తారు. చేసినవాళ్ళకు తెలుసు, ఇందులో ప్రాణమంతా ఆమ్లం మోతాదులో ఉంది. ఆమ్లం తగ్గితే ఫాస్ఫేట్ ఊసే లేకుండా మాలిబ్డేటే ఎలక్ట్రాన్లు పుచ్చుకుని నీలమైపోతుంది. ఎలక్ట్రాన్లు ఎవరికి చేరాలో కూడా ప్రోటాన్లే తేలుస్తున్నాయన్నమాట.

ఆ కొలత చేతిలో ఉండబట్టే వాళ్ళిద్దరూ కండరాల్లో 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని పట్టుకోగలిగారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. ఏటీపీ శరీరంలో ఎలా తయారవుతుందన్నది మాత్రం ఇంకా చాలాకాలం చిక్కుముడిగానే ఉంది. 1961లో బ్రిటన్‌కు చెందిన పీటర్ మిచెల్ ఒక ప్రతిపాదన చేశాడు. తిండిలోంచి వచ్చిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా పొరలో ఒకదాన్నుంచి ఇంకోదానికి చేతులు మారుతూ ఆక్సిజన్ దాకా పోతాయి. ఆ ప్రయాణంలో విడుదలైన శక్తి ప్రోటాన్లను పొరకు అవతలి వైపు నెడుతుంది. అవి వెనక్కి వచ్చే దారిలో ఏటీపీ తయారవుతుంది. మొదట్లో చాలామంది ఒప్పుకోలేదు. 1978లో నోబెల్ బహుమతి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. చివర్లో ఆక్సిజన్ అణువు నాలుగు ఎలక్ట్రాన్లతోపాటు నాలుగు ప్రోటాన్లనూ తీసుకుని రెండు నీటి అణువులవుతుంది. ఊపిరి తీసిన ప్రతిసారీ మనం ఈ రెండు బదిలీల్నీ కలిపే చేస్తున్నాం.

ఇంత ఉన్నా పుస్తకాల్లో ఇవి దూరదూరంగానే ఉంటాయి. 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ విడివిడిగా ఆమ్లమంటే ప్రోటాన్ దాత అని నిర్వచించాక, క్షయకారిణి అంటే ఎలక్ట్రాన్ దాత అన్న నిర్వచనంతో దానికి చక్కటి జోడీ కుదిరింది. దాత, గ్రహీత అని రెండుచోట్లా ఒకే వాక్యం బట్టీ పట్టిస్తాం. దాంతో పిల్లల మనసులో మంచి ఆమ్లమైతే ఎలక్ట్రాన్లూ బాగానే ఇస్తుందన్న భ్రమ పడుతుంది. అది పోవడానికి మాటలకన్నా వెనిగర్ బాగా పనిచేస్తుంది. అందులోని ఎసిటిక్ ఆమ్లం ప్రోటాన్ ఇస్తుంది, పర్మాంగనేట్‌కు మాత్రం ఎలక్ట్రాన్లు ఇవ్వదు, ఊదారంగు అలాగే ఉంటుంది. సోడియం ఆగ్జలేట్ దీనికి తిరుగుడు: ఇవ్వడానికి ప్రోటాన్ లేదు, ఎలక్ట్రాన్లు మాత్రం ఆగ్జాలిక్ ఆమ్లంతో సమానంగా ఇస్తుంది. ప్రయోగాలు మానేసి ఆబ్జెక్టివ్ ప్రశ్నలకే సమయమంతా పెట్టే చోట్ల చదివిన పిల్లలు డిగ్రీకి వస్తున్నారు. ఆగ్జాలిక్ ఆమ్లం తుల్యభారం 63 అని చప్పున చెబుతారు, ఆ 63 ఒకసారి ప్రోటాన్లవల్ల, ఇంకోసారి ఎలక్ట్రాన్లవల్ల వచ్చిందని వాళ్ళకెవరూ చూపించలేదు. అది నన్ను నిజంగా బాధపెడుతుంది. దీనికి కావాల్సింది రెండు బ్యూరెట్లు, ఒక బర్నర్, ఒక మధ్యాహ్నం.

అందుకే ఆ రెండు అంశమాపనాలూ అయ్యాక మూడోది ఒకటి ఇస్తాను. ఆగ్జాలిక్ ఆమ్లం, సోడియం ఆగ్జలేట్ కలిపిన ద్రావణం, ఏది ఎంత ఉందో చెప్పను. 20 మిల్లీలీటర్లకు సోడియం హైడ్రాక్సైడ్ 12 పట్టింది, పర్మాంగనేట్ 20 పట్టింది అనుకోండి. మొదటి బ్యూరెట్ ఆమ్లాన్ని మాత్రమే లెక్కపెట్టింది, రెండోది ఆగ్జలేట్ మొత్తాన్నీ లెక్కపెట్టింది, తేడా 8 మిల్లీలీటర్లు సోడియం ఆగ్జలేట్‌ది. ఈమధ్య లెక్క పూర్తిచేసిన ఒక అమ్మాయి అడిగింది: "మేడం, పర్మాంగనేట్ రీడింగే తక్కువొస్తే?" అలా వస్తే సీసాలో ఆగ్జలేట్ కాని ఆమ్లం మరేదో కలిసిందన్నమాట, ప్రోటాన్లు ఇచ్చి ఎలక్ట్రాన్లు ఇవ్వనిది. అది ఏ ఆమ్లమై ఉండొచ్చో నేను చెప్పలేదు. వెనిగర్‌తో సహా మూడు సీసాలు బాబాయ్ చేత బల్లమీద పెట్టించి, వచ్చే ప్రాక్టికల్‌కు అదే ప్రయోగం చేయమన్నాను.